గడిలో పట్టని మాట

మా బావ నోటివెంట 'లేదు' అన్న మాట నేను ముప్పై ఏళ్ళలో ఒక్కసారే విన్నాను. మా అక్కను చేసుకున్న పుణ్యానికి ఆయన నాకు బావయ్యాడు. టైపు నేర్చుకున్న పాపానికి ఆయన పనిచేసే ల్యాబులోనే నాకు ఉద్యోగం దొరికింది. ఆఫీసులో ఎనిమిది గంటలూ 'సారూ' అని పిలిచి, సాయంత్రం అక్కింటికి వెళ్ళి అదే మనిషిని 'బావా' అని దులిపే అదృష్టం నాకొక్కదానికే పట్టింది.

మా ల్యాబులో జరిగేది ఇంతే. ఎక్కడైనా మనిషి ఎందుకు పోయాడో తెలియకపోతే ఆ మనిషి రక్తమూ, పొట్టలో ఉన్నదీ సీసాల్లో పెట్టి, సీలు వేసి మాకు పంపుతారు. అందులో మందుందా, మత్తుందా, విషముందా అని చూసి చెప్పాలి. చూసేవాడు మా బావ. ఆయన చేత్తో రాసింది టైపు కొట్టి పంపేదాన్ని నేను. మధ్యలో సంతకం పెట్టేది డైరెక్టరు గారు. ఆయన దేన్నీ చదవరు. చదువుతూ కూర్చుంటే సంతకాలకు టైము చాలదని ఆయన బాధ.

బావకు ఒక జబ్బుంది. దేన్నీ లేదనడు. 'కనబడలేదు' అంటాడు. లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరట. యంత్రం తనకు చేతనైనంత వరకే చూస్తుంది, దానికి అందనిది అక్కడే దర్జాగా కూర్చుని ఉండొచ్చు, అలాంటప్పుడు లేదనడానికి మనమెవరం అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. కాపురం చెయ్యడానికే కష్టం.

మా అక్క స్నానాల గదిలోంచి అరుస్తుంది. "ఏవండీ, ఆ అలమరలో సబ్బుందా?"

"కనబడలేదు."

"లేదా?"

"లేదని అనను. పై అరలో కనబడలేదు. కింది అర ఇంకా చూడలేదు."

"అయితే చూసి చావండి! నేనిక్కడ తడిసిపోయి నిలబడ్డాను!"

ఇలా ముప్పై ఏళ్ళు. మా అక్క ఓపికకు ఎవరైనా దండ వెయ్యాలి.

ఆఫీసులో ఆయన్ని అందరూ 'కనబడలేదు సారు' అనేవాళ్ళు. ఆయన చేత 'లేదు' అనిపించిన వాళ్ళకు వారం రోజులు టీ ఇప్పించాలని ఒక పందెం కూడా ఉండేది. స్టోరు కీపరు ఒకసారి ఏకంగా గదిలోకి వెళ్ళి, "సారూ, మీకు తోక ఉందా?" అని అడిగాడు. ఇక తప్పించుకోలేడని మేమంతా తలుపు బయట నోళ్ళు నొక్కుకుని నిలబడ్డాం. బావ కళ్ళజోడు పైకి తోసుకుని, కాసేపు నిజంగానే ఆలోచించి, "ఇంతవరకు కనబడలేదు," అన్నాడు. ఆ రాత్రి ఈ సంగతి చెబితే అక్క నవ్వలేదు. "నాకు మాత్రం అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటుంది," అంది.

ఇక నా నేరం చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ కథ లేదు.

మా నివేదిక ఫారంలో కుడివైపు 'ఫలితం' అని ఒక గడి ఉండేది. దాన్ని గీసిన మహానుభావుడెవరో నా చేతికి చిక్కలేదు గానీ, చిక్కితే వాణ్ణి అదే గడిలో కూర్చోబెట్టేదాన్ని. నా బొటనవేలంత వెడల్పు. అందులో 'కనబడలేదు' పట్టదు. కొడితే 'కనబడ' పై లైన్లో, 'లేదు' కింది లైన్లో పడుతుంది. ఫారానికి ఇరవై రెండు వరసలు, వరసకో మందు పేరు. ప్రతి వరసా రెండు లైన్లయితే నివేదిక రెండో పేజీలోకి జారుతుంది. ఆ పేజీలో డైరెక్టరు గారి సంతకం తప్ప ఇంకేమీ మిగలదు. "ఖాళీ కాగితం మీద నాచేత సంతకం పెట్టిస్తావా?" అని ఆయన నామీద ఇంతెత్తున ఎగిరారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి బావ 'కనబడలేదు' అని రాసిచ్చిన చోటల్లా నేను 'లేదు' అని కొట్టడం మొదలుపెట్టాను. అన్నీ ఒక్క పేజీలో ముచ్చటగా ఇమిడిపోయాయి. టైపు చేసిన కాపీ బావ దగ్గరికి తిరిగి వెళ్ళే పద్ధతి మా దగ్గర లేదు. ఆరేళ్ళు అలా కొట్టాను. ఆరేళ్ళలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

విచారణ కిటికీ కూడా నాదే. టైపు మధ్యలో వచ్చేవాళ్ళందరికీ నేనే సమాధానం చెప్పాలి, ఎలా చెబుతానో మీరే ఊహించుకోండి. ఒక సోమవారం ఆ కిటికీ దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. బట్టలు కుడుతుందని చెప్పకుండానే తెలిసింది, మెళ్ళో కొలత టేపు తియ్యడం మరిచిపోయి వచ్చింది. మా నివేదిక ఒకటి కిటికీలోంచి లోపలికి తోసింది.

"అమ్మగారూ, ఇక్కడ 'లేదు' అని రాసిందెవరండీ?"

"ఎవరు రాస్తే నీకెందుకు? ఏమైనా ఉంటే అర్జీ రాసివ్వు. పక్క గది."

"పక్క గదిలో మిమ్మల్నే అడగమన్నారండీ."

ఆ పక్క గదిని నేను తర్వాత చూసుకున్నాననుకోండి. ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. కిటికీ చెక్క పట్టుకుని వరసగా చెప్పుకుపోయింది. వాళ్ళాయన ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రి. సీలింగులకు వేసీ వేసీ కుడి భుజం పట్టేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాడు. సాయంత్రం టీ పెట్టి లేపబోతే లేవలేదు.

"మాత్ర వేసుకున్నాడని పోలీసులకు చెప్పానండీ. ఇప్పుడేమో ఈ కాగితం వచ్చింది. ఏ మందూ లేదని ఉంది కదా, మరి నువ్వెందుకు అబద్ధమాడావు అంటున్నారు. మా అత్తగారయితే నేనే దిండు పెట్టి నొక్కేశానని వీధిలో నిలబడి చెబుతోంది. రోజూ స్టేషనుకు పిలుస్తున్నారు. ఈ వారంలో నన్ను లోపల వేస్తారంటండీ."

నేను కాగితం వైపు చూశాను. ఇరవై రెండు వరసల్లోనూ 'లేదు'. ఒక్క అచ్చుతప్పు కూడా పడకుండా ఎంత శుభ్రంగా కొట్టానో! నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం అంటే ఏమిటో మా ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు.

సరిగ్గా అప్పుడే బావ టీ గ్లాసుతో నా వెనక నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపి ఆ కాగితం తీసుకున్నాడు. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి చదివాడు.

"టైపిస్టు గారూ," అన్నాడు.

ఆయన నన్నెప్పుడూ 'గారు' అనలేదు. "గడిలో పట్టలేదు బావా," అన్నాను. ఆఫీసని కూడా గుర్తు లేదు.

"గడి పెద్దది చెయ్యమని నన్నడగాల్సింది," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. నా తిట్లు ఇన్నేళ్ళు తిన్న మనిషి, ఒక్కసారి తిరిగి తిడితే నాకూ తేలికపడేది.

తర్వాత ఆ అమ్మాయి వైపు వంగాడు. "అమ్మా, ఆ మాత్రలు ఇంకా ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ."

"లేవా, కనబడలేదా?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. మెళ్ళో టేపు అటు తిప్పింది, ఇటు తిప్పింది. చివరికి సంచీలోంచి గుండీల డబ్బా తీసింది. అందులో రకరకాల గుండీల అడుగున, దారం చుట్టిన చిన్న కాగితప్పొట్లంలో సగం మాత్ర ఉంది.

నేను గబుక్కున అందుకోబోయాను. "ముట్టుకోకు!" అని బావ అరిచిన అరుపుకి స్టోరు కీపరు చేతిలోని సీసాల బుట్ట వదిలేశాడు. మా బావకు గొంతుందని ఆ రోజే తెలిసింది. అలాంటిది వట్టి చేత్తో ముట్టుకోకూడదు, పైగా కిటికీలోంచి తీసుకుంటే కోర్టులో చెల్లదు. నాచేతే స్టేషనుకు ఫోను చేయించాడు. పోలీసాయన వచ్చి, దాన్ని కవరులో వేసి, సీలు కొట్టి, సంతకాలు తీసుకుని మళ్ళీ మాకే అప్పజెప్పాడు. మూడడుగుల దూరంలో ఉన్న మాత్ర మా బల్ల మీదికి రావడానికి నాలుగు గంటలు పట్టింది. ఈలోపు బావ నాచేత మూడుసార్లు చేతులు కడిగించాడు. నేను ముట్టుకున్నది డబ్బా మూత మాత్రమే.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర బావ నాకూ అక్కకూ సంగతి విడమరిచాడు. మా దగ్గర మొదట చేసే కిట్టు పరీక్ష నల్లమందు కుటుంబంలోని పాత ముఖాలనే గుర్తుపడుతుందట. ఈమధ్య ఎక్కడో దొంగచాటు గదుల్లో కొత్త మందులు తయారుచేస్తున్నారు. పని ఆ కుటుంబం పనే, మనిషిని నిద్రపుచ్చి ఊపిరి తీసుకోవడం మరిచిపోయేలా చేస్తాయి. ముఖం మాత్రం వేరు. కిట్టు వాటి మొహం చూసి కూడా నువ్వెవరని అడగదు. పైగా ప్రాణం తియ్యడానికి ఎంతో అక్కర్లేదు.

"ఎంత?" అంది అక్క.

"ఈత కొలనంత నీళ్ళలో చిటికెడు ఉప్పు వేశావనుకో. రక్తంలో అంత."

"కూరలో నేను ఎంత ఉప్పు వేసినా తక్కువైందంటారు, కొలనులో చిటికెడు మాత్రం పట్టేస్తారు," అంది అక్క. కానీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళేటప్పుడు, "ఆ పిల్లకేం కాకుండా చూడండి," అంది.

మా ల్యాబులో పెద్ద యంత్రాన్ని అందరం పెద్దమ్మ అంటాం. అసలు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. ఏ పదార్థాన్నైనా ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత బరువుందో చెబుతుంది. ఆ ముక్కల లెక్కను బట్టి దాని పేరు పట్టుకోవాలి. పెద్దమ్మకు కోపమెక్కువ. గది కాస్త వేడెక్కితే అలుగుతుంది, కరెంటు అటూ ఇటూ అయితే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడదు. దానితో పోలిస్తే నేను చాలా నెమ్మదైన మనిషినని బావ అంటాడు, అది పొగడ్తో కాదో నాకిప్పటికీ తెలీదు.

మేస్త్రి రక్తాన్ని బావ ఈసారి పెద్దమ్మకిచ్చాడు. పెద్దమ్మ తెర మీద చదునుగా సాగే గీతలో ఒకచోట చీమ తల ఎత్తినట్టు చిన్న గుబ్బ లేచింది. సగం మాత్రను పెట్టి చూస్తే సరిగ్గా అక్కడే ఇంత ఎత్తున లేచింది. ముక్కలు చూస్తే ఒకటి వంద, ఒకటి డెబ్బై రెండు. పెద్దమ్మ జ్ఞాపకంలో ఉన్న వేల పేర్లలో ఏదీ దానికి సరిపోలేదు. అదేమిటో బావకు అనుమానం ఉంది. అనుమానాన్ని టైపు చెయ్యలేం. అదే పదార్థం అసలు నమూనా ఇంకో పెద్ద ల్యాబు నుంచి తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చాలి. దానికి ఎన్ని అనుమతులు! పద్నాలుగు ఉత్తరాలు నేనే కొట్టాను. ప్రతి ఉత్తరంలోనూ 'అత్యవసరం' కింద రెండు గీతలు గీశాను.

మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ బావ నడుస్తూ, తింటూ, చెప్పులేసుకుంటూ "వంద, డెబ్బై రెండు, వంద, డెబ్బై రెండు" అని గొణుక్కుంటూనే ఉన్నాడు. రెండు రోజులు చూసి అక్క నాకు ఆఫీసుకు ఫోను చేసింది.

"ఏమే, మీ బావ బీపీ నూరూ, డెబ్బై రెండూ అట. అది మంచిదే కదా? మరెందుకే అంత దిగులు పడుతున్నాడు?"

"అది బీపీ కాదక్కా."

"పోనీ నాది చూపించుకొస్తాను. ఈ గొణుగుడు వినీ వినీ నాదే పెరిగి ఉంటుంది."

డైరెక్టరు గారు మాత్రం రోజుకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడేవారు. ఒక్క కేసు ఇన్నాళ్ళు నానబెడితే పై వాళ్ళకు నేనేం చెప్పుకోవాలి, 'తెలియదు' అని రాసి వదిలించుకోండి అని పోరు. "తెలియదని ఇంకా తేలలేదు సార్," అన్నాడు బావ. ఆయన వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయారు.

అమ్మాయి రోజు విడిచి రోజు కిటికీ దగ్గరికి వచ్చేది. మళ్ళీ చూస్తున్నామని బావ స్టేషనుకు స్వయంగా ఉత్తరం రాశాడు కాబట్టి లోపల వెయ్యడం ఆగింది. వీధి మాత్రం ఆగలేదు. ఆమెకు అందరూ బట్టలివ్వడం మానేశారు. ఇచ్చినవాళ్ళు కూడా కుట్టకుండానే వెనక్కి తీసుకెళ్ళారట. అదంతా నా ఆ ఒక్క మాట చేసిన నిర్వాకం. ఇంటికెళితే అన్నం సయించేది కాదు. ఏం చెయ్యాలో తోచక మా కర్టెన్లు పట్టుకెళ్ళి కుట్టమని ఇచ్చాను. తర్వాత కొత్త గుడ్డ కొని మళ్ళీ ఇచ్చాను. మా ఇంట్లో కిటికీలు మూడు, కర్టెన్లు పదకొండు అయ్యాయి. మా ఆయన, "ఇంకో రెండు కిటికీలు కొట్టించమంటావా?" అన్నాడు. నోర్ముయ్యమన్నాను.

నమూనా ఒక గురువారం చలిపెట్టెలో వచ్చింది. పెద్దమ్మ ఆ రోజు ఎందుకో అలగలేదు. మధ్యాహ్నం నేను టైపు మధ్యలో ఉండగా వరండాలో పరుగు వినిపించింది. మా బావ పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఒక చేతికి గ్లవుజు ఉంది, ఇంకో చేతికి లేదు, కళ్ళజోడు నుదుటి మీద ఉంది.

"కనబడింది!" అని అరిచాడు. "కనబడింది!"

"ఎక్కడ సారూ? స్టోరు తాళాలా?" అన్నాడు స్టోరు కీపరు. వాడు ఉదయం నుంచి వాటికోసమే వెతుకుతున్నాడు.

గీత మీద లేచిన చోటు ఒకటే. వందా ఒకటే, డెబ్బై రెండూ ఒకటే. బావ ఊరుకున్నాడా? లేదు, మొత్తం ఇంకోసారి చేశాడు. రెండోసారి కూడా అదే వచ్చాక చేత్తో రాసి నా ముందు పెట్టాడు. ఆ మందు పేరు ఇరవై ఒక్క అక్షరాలు. నేను ఫారం కొత్తగా గీశాను. ఫలితం గడి నా అరచేయంత పెట్టాను. మందు పేరు, రక్తంలో ఎంత ఉందో, సగం మాత్రలో ఎంత ఉందో అన్నీ రాశాక, ఇరవై రెండు పాత వరసల్లోనూ 'కనబడలేదు' అని పూర్తిగా కొట్టాను. రెండు పేజీలైంది. డైరెక్టరు గారు ఉద్యోగంలో మొదటిసారి ఒక నివేదిక చదివారు, పేరు పలకలేక మూడుసార్లు చదివారు. రెండు పేజీల మీదా సంతకం పెట్టారు.

ఆ తర్వాత బావ నన్ను వదల్లేదు. ఆరేళ్ళ నివేదికలూ సవరించి మళ్ళీ పంపాలన్నాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని నేను కొట్టిన ప్రతి పేజీ చదివాడు. నా వేళ్ళు వాచిపోయాయి, నోరు విప్పలేదు. ఫ్రీజరులో ఇంకా దాచి ఉన్న పాత సీసాల్ని ఈ కొత్త పద్ధతిలో చూస్తే మరో నాలుగింటిలో అదే మందు కనబడింది. నాలుగిళ్ళలో నలుగురు, ఒంట్లో ఏ మందూ లేదని మేం చెప్పేసినవాళ్ళు. ఆసుపత్రులకు హెచ్చరిక వెళ్ళింది. విరుగుడు ఇంజెక్షన్ వేశాక మనిషి లేచి కూర్చున్నా ఇంటికి పంపొద్దు, మళ్ళీ ఊపిరి మందగించొచ్చు, మళ్ళీ వెయ్యాల్సి రావొచ్చు అని. దాన్ని టైపు చేసేటప్పుడు అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. ఆ నాలుగిళ్ళవాళ్ళు చెప్పిన ఆనవాళ్ళతో ఆ మాత్రలు అమ్మినవాణ్ణి బస్టాండు దగ్గర పట్టుకున్నారు.

ఇక అమ్మాయిని స్టేషనుకు పిలవడం మానేశారు. నివేదిక కాపీ తీసుకోవడానికి వచ్చిన రోజు, ఒకసారి సారుతో మాట్లాడాలంది. నేనే లోపలికి తీసుకెళ్ళాను. పెద్దమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. స్టోరు కీపరు మూలన సీసాలు సర్దుతున్నాడు.

"మీకొకటి చెప్పలేదండీ," అంది. "ఆ మాత్ర ఆయన తెచ్చుకోలేదు. నేనే తెచ్చాను. బస్టాండు దగ్గర ఒకాయన అమ్ముతుంటే, మంచి నొప్పి మాత్రంటే కొన్నాను. పూర్తిది వేసుకుంటే మత్తుగా ఉంటుందేమోనని కత్తెరతో సగానికి కోశాను. సగమే ఇచ్చానండీ. నా చేత్తో నేనే ఇచ్చాను. మా అత్తగారు దిండు అంటోంది గానీ, ఇదీ అంతేగా?"

బావ చేతి గ్లవుజులు విప్పాడు.

"చెప్పండి సారూ. మీరు యంత్రంలో అన్నీ చూస్తారు కదా. నా తప్పుందా?"

ఇప్పుడీ మనిషి కళ్ళజోడు పైకి తోసుకుని, ఆలోచించి, 'ఇంతవరకు కనబడలేదు' అంటే అక్కడికక్కడే ఆయన పీక పిసికేసి నేనే జైలుకు పోదామనుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకోలేదు. తీసి బల్ల మీద పెట్టాడు.

"లేదు," అన్నాడు.

మూలన సీసాల చప్పుడు ఆగిపోయింది.

"లేదమ్మా. నీ తప్పు లేదు."

అమ్మాయి మెళ్ళో టేపు రెండు చేతులతో మొహానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఎన్నాళ్ళ ఏడుపో అది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. స్టోరు కీపరు అటు తిరిగి, ఖాళీ సీసాను తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అది కాగితం మీద రాసిస్తారా సారూ?" అంది. "మా అత్తగారికి చూపించాలి."

"దానికి మా ఫారంలో గడి..." అని బావ మొదలుపెట్టాడు.

"నువ్వూరుకో బావా," అన్నాను. నా బల్ల దగ్గరికి వెళ్ళి ఒక తెల్లకాగితం పెట్టి, ఈ అమ్మాయి తప్పు లేదు అని కొట్టి తెచ్చాను. రెండోసారి సరిచూడకుండా దేనిమీదా పెన్ను పెట్టని మనిషి, చదవనైనా చదవకుండా కింద సంతకం పెట్టాడు.

టీ పందెం సంగతి మాలో ఎవరూ ఎత్తలేదు.